అతుకు పక్కన చిరుగు

మా అత్తయ్య గారి కుట్టు మిషను కాలు విరగ్గొట్టింది నేనే. మోసిన చేతులు వేరేవాళ్లవి, కానీ తప్పు నాది. ఎలాగో చెప్తాను.

మావయ్య గారి సంవత్సరీకం అయిపోయాక ఆవిడని ఇంక ఊళ్లో ఒంటరిగా ఉంచకూడదని విజయవాడ తీసుకొచ్చేశాం. వాళ్ల ఊరు గుడివాడ అవతల. అంత ఇంట్లోంచీ ఆవిడ తనతో తెచ్చుకుంటానన్నవి మూడే మూడు. ట్రంకు పెట్టె, దేవుడి మందసం, తొక్కుడు మిషను. మొదటి రెంటికీ నేనేమీ అనలేదు. మిషను దగ్గరే నోరు జారాను. ఫోన్లో మా చెల్లెలితో, "రెండు గదుల ఫ్లాటులో అదెక్కడ పెట్టుకుంటాం? పాత ఇనుముకి వేసేస్తే సరి" అన్నాను. వెనకాల అత్తయ్య గారు గుమ్మంలో నిలబడి ఉన్నారని నాకు ఫోను పెట్టేశాక తెలిసింది. ఆవిడ ఏమీ అనలేదు. మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు.

ఆ మిషను ఆవిడ 1971లో చీటీ పాడిన డబ్బుతో కొనుక్కున్నారట. మావయ్య గారి జీతం నెలలో ఇరవయ్యో తారీకుకల్లా అయిపోయే రోజుల్లో, ఊళ్లో జాకెట్లూ, పిల్లల లంగాలూ, బడి యూనిఫారాలూ కుట్టి ఇల్లు గట్టెక్కించిన మిషను. మా వారి ఇంజినీరింగు మొదటేడు ఫీజు అందులోంచే వచ్చిందని ఆయనే చెప్తారు. తల భాగం నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. కింద స్టాండు అంతా ఇనప తీగలు పూలు అల్లుకున్నట్టు పోత పోసినది. పాదాలు పెట్టే పలక కూడా జల్లెడ ముగ్గులా ఉంటుంది. మీ ఇళ్లల్లోనూ చూసే ఉంటారు. ఇప్పుడు వాటి మీద గాజు పలక వేసి భోజనాల బల్లలు చేస్తున్నారు కూడా.

వ్యాను వచ్చిన రోజు పొయ్యి మీద పప్పు ఉంది. డ్రైవరు, "అమ్మా, తలకాయి విప్పి స్టాండు విడిగా దించుదామా?" అని అడిగాడు. నాకు తొందర. "ఏం కాదు, అలాగే దించెయ్యండి. ఇనుమేగా!" అన్నాను. ఇద్దరు కలిసి దించుతుంటే ఒకతని చెయ్యి జారింది. స్టాండు ఎడమ కాలు మా అపార్టుమెంటు గేటు పట్టా మీద పడింది. టంగుమని ఒక్కటే శబ్దం. ఇనుము వంగుతుందనుకున్నాను, సొట్ట పడుతుందనుకున్నాను. వంగలేదు, విరిగింది. కాలు కింద పాదం చక్రంతో సహా ఊడిపోయింది, మధ్యలో జానెడు భాగం మూడు ముక్కలైంది. విరిగిన చోట చూస్తే బూడిద రంగులో, గరుకుగా, బెల్లం అచ్చు విరిచినట్టుంది.

అక్కడితో ఆగినా బాగుండేది. పిల్లల కాళ్లకి గుచ్చుకుంటాయని వాచ్‌మన్ భార్యతో ఊడిపించేశాను. మూడు ముక్కల్లో రెండు చెత్తబండిలో వెళ్లిపోయాయి. ముక్కలన్నీ ఉంటే పని ఎంత సుళువయ్యేదో తర్వాత తెలిసింది. అందుకే చెప్తున్నాను, పాత ఇనప సామాను ఏది విరిగినా రవ్వంత ముక్క కూడా పారెయ్యకండి. గుడ్డలో మూటగట్టి ఉంచండి.

అత్తయ్య గారు నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు కష్టమైంది. మిషను మీద పాత చీర ముక్క కప్పి, గోడవైపు తిప్పి పెట్టమన్నారు. ఆ తర్వాత ఇంట్లో ఆవిడ మాటలు "ఆ", "ఊ", "చాలు" దగ్గర ఆగిపోయాయి. మా వారు అది మావయ్య గారి బెంగ అనుకున్నారు. నాకు తెలుసు అది ఒక్కటే కాదని.

పది రోజులకి మా వారు ఆ స్టాండుని దగ్గర్లో గేట్లూ గ్రిల్లులూ చేసే వెల్డింగు షాపుకి తీసుకెళ్లారు. అతను పోయిన ముక్క కొలతకి ఒక ఎం.ఎస్. పట్టీ కోసి, పైనా కిందా మామూలు రాడ్డుతో చరచరా అతికించి, చల్లారడానికి మగ్గుతో నీళ్లు పోసి, రెండొందలు తీసుకుని పంపేశాడు. అరగంటలో పని అయిపోయింది. చూడ్డానికి ఉండలు ఉండలుగా ఉంది గానీ గట్టిగానే అనిపించింది. మా వారు దాని మీద నిలబడి ఊగి మరీ చూపించారు.

అత్తయ్య గారు కవరు తీసి, నూనె వేసి, దిండు గలీబులు కుట్టడం మొదలుపెట్టారు. రెండు రోజులు ఇల్లంతా ఆ టకటక. మూడో రోజు మధ్యాహ్నం వంటింట్లోకి టిక్కుమని చిన్న శబ్దం వినిపించింది. వెళ్లి చూస్తే ఆవిడ పాదాలు పలక మీదే ఉన్నాయి, మిషను ఒక పక్కకి ఒరిగి ఉంది.

సాయంత్రం అందరం దాని చుట్టూ చేరాం. మా వారు వెల్డింగతన్ని తిట్టడం మొదలెట్టారు. మావాడు పాలిటెక్నిక్‌లో మెకానికల్ రెండో ఏడు. వాడు బోర్లా పడుకుని ఫోను లైటు వేసి చూసి, "నాన్నా, వెల్డింగు ఊడలేదు. అది అలాగే ఉంది. దాని పక్కన ఇనుము చీలింది" అన్నాడు. నిజమే. అతుకుకి ఆనుకుని, వెంట్రుకంత గీత, కాలు వెడల్పంతా.

అప్పుడు అత్తయ్య గారు స్టూలు మీద కూర్చుని ఆ గీత మీద వేలితో రాసి చూశారు. "కొత్త గుడ్డని తడిపి ఆరెయ్యకుండా పాత గుడ్డకి అతుకేస్తే ఇలాగే అవుతుంది. కొత్తది ఉతుక్కి ముడుచుకుంటుంది. పాతదానికి సాగే ఓపికుండదు. కుట్టు ఊడదు, కుట్టు పక్కన చిరుగుతుంది" అన్నారు.

ఆవిడ మా ఇంటికొచ్చాక అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడ్డం అదే మొదలు. మావాడు నోరు తెరుచుకుని చూసి, "నాయనమ్మా, మా పుస్తకంలో ఇదే ఉంది!" అని లోపలికి పరిగెత్తాడు.

వాడు చెప్పింది నాకు అర్థమైన మేరకు రాస్తాను. గ్రిల్లులు చేసే ఉక్కులో బొగ్గు, అంటే కార్బను, చాలా తక్కువ. నూటికి పావు వంతు కూడా ఉండదు. ఈ పోత ఇనుములో నూటికి 2 నుంచి 4 పాళ్ల దాకా ఉంటుంది. అది లోపల సన్నటి రేకులుగా పరుచుకుని ఉంటుందిట, మన పెన్సిల్లో ఉండే గ్రాఫైటే. విరిగిన చోట బూడిద రంగు దానిదే. ఆ రేకుల వల్లే అచ్చులో పోసినప్పుడు పూలూ ఆకులూ అంత అందంగా వస్తాయి గానీ, దెబ్బ తగిలితే ఆ రేకుల వెంబడే చీలుతుంది. మామూలు రాడ్డుతో అంటించినప్పుడు ఇనుము ఒక్క చోట కరిగి, ఆ కార్బను అతుకులోకి ఎక్కి, వెంటనే చల్లారేసరికి ఆ అంచు గాజులా బిరుసెక్కుతుంది. పైగా కరిగిన లోహం చల్లారుతూ ముడుచుకుంటూ పక్కదాన్ని లాగుతుంది. ఉక్కయితే కాస్త సాగి ఊరుకుంటుంది. ఇది సాగదు. దాని మీద నీళ్లు పోశాడు ఆ మహానుభావుడు! కాలే దోసెల పెనం మీద చన్నీళ్లు పోస్తే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

మా వారు మర్నాడు, "కొత్త మోటారు మిషను కొనేద్దాం, వదిలెయ్" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఎప్పుడూ నేనే కొత్తది అనేదాన్ని, అందుకని ఆయన నన్ను వింతగా చూశారు.

మాకు ఆటోనగర్ దూరం కాదు. విజయవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ, మిగతావాళ్ల కోసం చెప్తున్నా, లారీలూ బస్సులూ విప్పి మళ్లీ బిగించే పేట అది, సందు సందుకీ ఒక విద్య. అక్కడ ఇంజను బ్లాకులు అతికే ఒక పెద్ద మేస్త్రి గారున్నారని తెలిసినవాళ్లు చెప్పారు. స్టాండుని ఆటోలో వేసుకుని బయల్దేరుతుంటే అత్తయ్య గారు చెప్పులు వేసుకుని వచ్చి ఆటోలో కూర్చున్నారు. "నా మిషను కదా, నేనూ చూస్తాను" అన్నారు.

మేస్త్రి గారికి అరవై దాటి ఉంటాయి. స్టాండుని చిన్న సుత్తితో రెండు చోట్ల తట్టి విన్నారు. "బీడు" అన్నారు. నేను బి.ఏ. తెలుగు చదివాను. నాకు బీడంటే పంట వెయ్యని నేల. ఆయనకీ, ఆ పేటంతటికీ బీడంటే పోత ఇనుము. ఒకే మాటకి రెండు అర్థాలూ ఉన్నాయని అప్పుడు గుర్తొచ్చింది. డిగ్రీలో పర్యాయపదాలూ నానార్థాలూ బట్టీ పట్టాను గానీ ఇలా సుత్తితో తట్టి ఎవరూ చెప్పలేదు మరి.

మావాడి సరదా చూసి ఆయన గ్రైండరు మీద రెండూ పట్టి చూపించారు. ముందు ఉక్కు పట్టీ. కాకరపువ్వొత్తుల్లా తెల్లటి పొడుగాటి రవ్వలు, చివర్న పువ్వులు పూస్తూ. తర్వాత బీడు. ఎర్రగా, పొట్టిగా, రాయి దగ్గరే ఆరిపోయే రవ్వలు. "ఏ ఇనుమో తెలీకుండా రాడ్డు ముట్టించకూడదు బాబూ" అన్నారు వాడితో. తర్వాత ఆకురాయి తీసి పాత అతుకు అంచు మీద రుద్దారు. గాజు మీద రుద్దినట్టు జారిపోయింది. కాస్త ఎడంగా రుద్దితే బూడిద రంగు పొడి రాలింది. "చూశారా? ఈ బిరుసెక్కిందంతా తీసెయ్యాలి. దీని మీద ఏం పెట్టినా నిలవదు."

ఎలా చేస్తారని అడిగాను. మూడు దారులున్నాయన్నారు. ఒకటి నికెలు రాడ్డు. ఖరీదెక్కువ. నికెలు మెత్తన, కార్బనుతో కలిసి బిరుసెక్కదు, ముడుచుకునేటప్పుడు తనే సాగుతుంది. ఉక్కునీ బీడునీ కలపాలంటే నికెలూ ఇనుమూ కలిసిన రాడ్డు వాడతారట. అదైనా ఒక్క బిగిన లాగించెయ్యకూడదు. అంగుళం వేసి, వేడి మీదే గుండు సుత్తితో మెల్లగా తట్టి, చెయ్యి పెట్టి చూస్తే ఓర్చుకోగలిగేదాకా ఆగి, అప్పుడు ఇంకో అంగుళం. రెండోది అసలు నిప్పే లేకుండా, పగులు పొడవునా బెజ్జాలు వేసి లోహపు కడ్డీలూ మరలూ దిగ్గొట్టి బిగించడం. దాన్ని కుట్టు అంటారట! "ఇనుముని కూడా కుడతారా నాయనా?" అని అత్తయ్య గారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "కుడతారమ్మా. ఇంజను బ్లాకులకి చేస్తారు. మీ కాలు సన్నం, దీనికి కుదరదు" అన్నారాయన.

మూడోది ఇత్తడి. మా స్టాండుకి అదే మంచిదన్నారు. "కరిగిస్తేనే కలుస్తాయనుకుంటారమ్మా అందరూ. ఇవి రెండూ కరిగి కలిస్తే మధ్యలో పుట్టేది గాజు. రెంటినీ కరగనివ్వకూడదు. ఇత్తడి ముందు కరుగుతుంది, అది రెంటినీ పట్టుకుంటుంది." మావాడు లెక్క చెప్పాడు. ఇత్తడి సుమారు 900 డిగ్రీల దగ్గర కరుగుతుంది, బీడుకి 1150 దాటాలి, ఉక్కుకి 1500 దాకా పోవాలి. అయితే బాగా వేడెక్కే చోట ఇత్తడి అతుకు పనికిరాదట. కుట్టు మిషను కాలికి వేడేం తగుల్తుంది?

పని చేసిన దానికన్నా సిద్ధం చేసిన దానికే ఎక్కువసేపు పట్టింది. పాత వెల్డింగంతా తీసేశారు. గీత ఇంకా పైకి పాకకుండా దాని కొసన చిన్న బెజ్జం వేశారు. పాత పట్టీ పారేసి, కొంచెం పొడుగు పట్టీ తీసుకుని, కాలు వంపుకి తగ్గట్టు వంచి, రెండు కొసలూ కాలి వెనక్కి అంగుళం చొప్పున ఎక్కేలా కోశారు. మూతీ మూతీ ఆనించి అతికితే పట్టు తక్కువట. అత్తయ్య గారు తలూపారు. "అంచుకి అంచు పెట్టి కుట్టకూడదు. లోపలికి మడత ఉండాలి" అన్నారు. ఇద్దరూ ఒక సంఘం వాళ్లలా మాట్లాడుకుంటుంటే నేను, మా వాడు ప్రేక్షకులం.

తర్వాత గ్యాసు మంట చూపించారు. కాసేపటికి ఇనుము లోంచి నల్లగా నూనె చెమటలా ఊరింది. పొగ లేచింది. యాభై ఏళ్లుగా ఆవిడ వేసిన మిషను నూనె! అంత కాలమూ ఆ ఇనుము తాగుతూనే ఉందన్నమాట. అది పూర్తిగా కాలిపోయేదాకా అతుకు పట్టదట. ఆ వాసనకి అత్తయ్య గారు కళ్లు మూసుకున్నారు. పొగ వల్లనుకున్నాను మొదట. "మీ మావయ్య గారు రాత్రి భోజనానికి కూర్చుంటే రోజూ అనేవారు, నీ చేతి నూనె వాసన వస్తోందే అని" అన్నారు. నేనేం మాట్లాడలేదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ తీసుకోలేదు.

కాలు మొత్తం అటూ ఇటూ వేడి చేశాక, అతికే చోట మసక ఎరుపుకి తెచ్చి, వెలిగారం పొడి అద్దిన ఇత్తడి కడ్డీ తాకించారు. అంతే, కాగిన అట్టు మీద నెయ్యి పాకినట్టు పాకింది. సందుల్లోకి తనే వెతుక్కుంటూ వెళ్లింది. "దూరంగా ఉండండమ్మా, ఇత్తడి పొగ పీలిస్తే జ్వరం పట్టుకుంటుంది" అని మమ్మల్ని గుమ్మం దాకా తరిమారు.

అయిపోయిందనుకుని నేను పర్సు తీశాను. ఆయన నవ్వి, స్టాండు కాలుని అలాగే ఎర్రెర్రగా ఉండగానే ఎండిన ఇసుకా బూడిదా ఉన్న డ్రమ్ములోకి దించి, పైన కూడా కప్పేశారు. "రేపు పొద్దున రండి." గాలి తగలనివ్వకూడదు, తొందర చెయ్యకూడదు, తనంతట తను చల్లారాలి. నాకు మా అమ్మమ్మ ఇంట్లో దాలి గుర్తొచ్చింది. పిడకల నిప్పు మీద పాలకుండ పెట్టి సాయంత్రందాకా ఎవర్నీ మూత తియ్యనిచ్చేది కాదు. మర్నాడు వెళ్లి తీసుకొచ్చాం. తొమ్మిది వందలు అడిగారు. బేరం ఆడలేదు. కూరల దగ్గర రూపాయి వదలని నేను!

ఆ మర్నాడు ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో స్టాండు మా ఇద్దరి మధ్యా ఉంది. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడింది. అత్తయ్య గారు రోడ్డు వైపు చూస్తూనే, "పాత ఇనుముకి వేస్తే ఎంత వచ్చేదే అమ్మాయ్?" అన్నారు.

నా గుండె జారింది. చెవులు వేడెక్కాయి. ఏం చెప్పను? "తప్పయింది అత్తయ్యా" అన్నాను. ఇంకేదో కలిపి చెప్పాలనుకున్నా, గొంతు రాలేదు. ఆవిడ నా వైపు తిరగలేదు. కాస్త ఆగి, "నేను కూడా మా అత్తగారి తిరగలి అమ్మేశాను. ఆవిడ ఉండగానే. గ్రైండరు కొన్నాం కదా అని" అన్నారు. సిగ్నల్ ఆకుపచ్చ అయింది. ఇంటిదాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు, కానీ ఆ మౌనం ఇంతకుముందుది కాదు.

ఇది జరిగి ఏడు నెలలు. ఎడమ కాలి మీద నల్లటి తీగల మధ్య పసుపుపచ్చగా రెండు అతుకులు కనిపిస్తూనే ఉంటాయి. మా వారు నల్ల రంగు డబ్బా కొనుక్కొచ్చారు. అత్తయ్య గారు వెయ్యనివ్వలేదు. "మళ్లీ పగిలితే కనపడాలి కదరా" అన్నారు. వారానికోసారి మావాడు ఫోను లైటు వేసి చూస్తాడు. ఇప్పటిదాకా గీత లేదు.

గలీబులు అయిపోయాయి. ఇప్పుడు మా అపార్టుమెంటులో సగం మంది జాకెట్లు వదులు చేయించుకోడానికి మా ఇంటికే వస్తున్నారు. మిషను గోడవైపు కాదు, బాల్కనీ తలుపు దగ్గర వెలుతురులో ఉంది. దాని కోసం నా మనీప్లాంటు కుండీలు మూడు బయటికి పోయాయి. ఆవిడకి చూపు ఆనదు కాబట్టి సూదిలో దారం మాత్రం నేను ఎక్కించాలి. రోజూ సరిగ్గా నేను పోపు వేస్తున్నప్పుడే పిలుస్తారు. అదిగో, పిలుస్తున్నారు.